మబ్బు రోజుకు సరిపోయే దీపము



ఈ పుటలలో సేవకులు తమ పరిచర్యలో కలిగిన మేలులను వ్రాయడం మీకు అలవాటే. మేము ఈసారి మా పొరపాటు ఒకదానిని మీ యెదుట పెట్టదలచాము. 'మేము' అంటే ఈ సేవకుడు, మా ఇంటివారు, మైదానంలో వ్యవసాయ కూలీలు ఎక్కువగా ఉన్న మా చిన్న సంఘము. ఇది ఒక బడికి సోలారు దీపాలు కొన్న సంగతి. ఒకసారి తప్పుగా కొన్నాము, రెండవసారి కొంత నేర్చుకొని కొన్నాము. ఈ మధ్య చాలామంది బడులకు, వసతిగృహాలకు సోలారు దీపాలు ఇవ్వాలని ముచ్చటపడుతున్నారు గనుక, మా అనుభవం ఎవరికైనా పనికివస్తుందని ఆశ.

పాడేరు వైపు కొండల మీద ఒక గూడెం ఉంది. ఇరవై రెండు కుటుంబాలు. జీపు దిగిన చోటనుండి నాలుగు కిలోమీటర్లు నడవాలి. కాఫీ, పసుపు, చోళ్ళు వారి పంటలు. రెండు గదుల ప్రాథమిక పాఠశాల ఉంది, ఒకే మాస్టారు. కరెంటు లేదు. దేశంలోని గ్రామాలన్నిటికీ విద్యుత్తు చేరిందని 2018 ఏప్రిల్ 28న ప్రభుత్వం ప్రకటించింది. మణిపూర్‌లోని లీసాంగ్ చివరి ఊరు. అయితే ఆ లెక్కలో ఒక ఊరి ఇండ్లలో నూటికి పదింటికి, బడివంటి స్థలాలకు కరెంటు వస్తే ఆ ఊరికి వచ్చినట్లే. అసలు ఊరికి దూరంగా కొండకు అంటిపెట్టుకొన్న గూడెం కాగితం మీద ఎక్కడ నిలుస్తుందో అక్కడివారికే తెలుసు. దేశంలో నూటికి తొంభైకి పైగా బడులకు కరెంటు ఉన్నదని 2023-24 యుడైస్ ప్లస్ నివేదిక చెబుతుంది. మిగిలిన వాటిలో ఒకటి ఈ బడి.

మేము మొదట ఆ గూడెం వెళ్ళింది 2017 శ్రావణ మాసంలో. ఉదయం పదకొండు గంటలైనా బడిగదిలో పలక మీది అక్షరం కనబడలేదు. వాన జల్లు లోపలికి కొడుతుందని రేకు కిటికీలు మూసివేశారు. పొగమంచు వాకిట్లోకి వచ్చి నిలబడింది. పిల్లలంతా గుమ్మం దగ్గర గుంపుగా కూర్చొని, లోపలికి వచ్చే కొద్ది వెలుగుకు పుస్తకాలు తిప్పుకొంటున్నారు. మా చిన్నతనమంతా బుడ్డిదీపం దగ్గరే గడిచింది. తెల్లవారి ముక్కు తుడుచుకొంటే మసి వచ్చేది. ఆ పిల్లలను చూడగానే అదంతా జ్ఞాపకం వచ్చింది. ఏదో ఒకటి చెయ్యాలని ఆ క్షణమే నిశ్చయించుకొన్నాము. ఆ తొందరలోనే తప్పు జరిగింది.

తరువాతి ఆదివారం సంఘములో ఈ సంగతి చెప్పాము. కానుకలు వచ్చాయి. అందులో కూలికి వెళ్ళి బ్రతికే ఒక విధవరాలు మూడు రోజుల కూలి కవరులో పెట్టి ఇచ్చింది. మేము పట్టణానికి వెళ్ళి, మొదట కనబడిన అంగడిలో అడిగాము. అతడు 40 వాట్ల ప్యానెల్, ఒక కారు బ్యాటరీ, చిన్న ఇన్వర్టరు, గదికి రెండు చొప్పున 9 వాట్ల బల్బులు ఇచ్చి, "ఇది చాలునండి, బ్రహ్మాండంగా వెలుగుతాయి" అన్నాడు. మేము గదుల కొలత చెప్పలేదు, అతడు అడగలేదు. బడి ఎన్ని గంటలు వెలగాలో ఇద్దరమూ అనుకోలేదు. మిగిలిన డబ్బుతో ఒక పాలరాతి పలక చెక్కించాము. దానిమీద మా సంఘము పేరు, తేదీ, ఈ సేవకుని పేరు. ప్రారంభోత్సవం నాడు బల్బులు వెలిగాయి. పిల్లలు చప్పట్లు కొట్టారు. ఫొటోలు తీసికొని దిగి వచ్చాము.

మరల ఆ గూడెం వెళ్ళింది పద్నాలుగు నెలల తరువాత. ఏ కబురూ రాలేదు గనుక అంతా బాగుందనుకొన్నాము. బడిలోకి తొంగి చూస్తే అదే చీకటి. పిల్లలు అదే గుమ్మం దగ్గర. మా పాలరాతి పలకను మాత్రం బయటి గోడకు, వెలుతురు పడేచోట పెట్టారు. ఆ బడిలో ఆ రోజు స్పష్టంగా చదవగలిగినది మా పేరు ఒక్కటే.

మాస్టారు తల వంచుకొని అన్నారు: "ఆరు నెలలకే మసకబారాయి అయ్యగారూ. తరువాత ఆగిపోయాయి. మీకు కబురు చెయ్యాలనుకొన్నాము. ఉచితంగా ఇచ్చినవారిని పట్టుకొని పాడైపోయిందని ఎలా చెప్పగలం?"

ఆ మాట మమ్మును గట్టిగా తాకింది. మేమిచ్చిన వస్తువు పాడైతే పాడైంది. అది పాడైందని చెప్పుకొనే స్వేచ్ఛ కూడా వారికి లేకుండా చేశాము.

అంతకన్న పెద్ద తప్పు ఇంటికి వచ్చాక జరిగింది. ఆదివారం ఆరాధన ముగిసి బయటికి వస్తుంటే ఆ విధవరాలు ఎదురై, "బడిలో దీపాలు ఎలా ఉన్నాయండీ అయ్యగారూ?" అని అడిగింది. మేము "బాగానే ఉన్నాయమ్మా" అన్నాము. ఆమె ముఖం విప్పారింది. మేము ఇంటికి వెళ్ళి అన్నం తినలేకపోయాము.

ఆ మాటను అలాగే మోశాము. ఒక నెల కాదు, ఏళ్ళు. తరువాత కోవిడ్ వచ్చింది, బడులు మూతబడ్డాయి, మాకది ఒక సాకు అయింది. 2022లో బడులు మామూలుగా నడుస్తున్నప్పుడు ఆమె మరల అడిగింది. ఈసారి మా ఇంటివారు పక్కనే ఉన్నారు. ఆమె మా వైపు చూచిన చూపుకు ఇక తప్పించుకోలేకపోయాము. వచ్చే ఆదివారం సంఘమంతటి యెదుట నిలబడి, దీపాలు ఆరిపోయి ఏళ్ళయినవని, మాకు తెలిసీ అబద్ధమాడామని ఒప్పుకొన్నాము. గోపురం కట్టబోయి ఖర్చు లెక్క చూచుకోనందుకు నవ్వులపాలైనవాని ఉపమానం మీద ఎన్నిసార్లు ప్రసంగించామో! ఆ మాట మాకే వర్తించింది.

కొందరు పెద్దలు కోపగించుకొన్నారు. అది న్యాయమే. ఆ విధవరాలు మాత్రం సాయంత్రం మా ఇంటికి వచ్చి అన్నది: "అయ్యగారండీ, నాకు బాధ డబ్బు గురించి కాదు. పిల్లలు అన్నాళ్ళు చీకట్లో కూర్చున్నారు, మనకు తెలిసి కూడా. ఈసారి కొనేటప్పుడు నన్ను కూడా తీసుకెళ్ళండి. ఇంట్లో కిరసనాయిలు నెలాఖరు దాకా సర్దిన దాన్ని. దీపం ఎలా ఆరిపోతుందో నాకు తెలుసు."

అలా రెండవ ప్రయత్నం మొదలైంది. ఈసారి డబ్బు పోగుచెయ్యకముందే గూడెం వెళ్ళాము. మాతో ఆమె, మోటార్లు రివైండింగు చేసే మా సంఘ యౌవనస్థుడు ఒకడు. బడి అరుగుమీద ఊరివారితో కూర్చొని, ఏమి కావాలో చెప్పమన్నాము. ఒక ముసలాయన మొట్టమొదట అడిగిన ప్రశ్న మేము ఊహించనిది: "దీపాలిస్తే మీ ప్రార్థనకు రమ్మంటారా బాబూ?" రమ్మనమని, బడి ఊరందరిదని, దీపం కూడా అలాగేనని చెప్పాము. తరువాతనే మిగిలినవారు నోరు విప్పారు.

అప్పుడు తెలిసిన సంగతులు ఇవి. మా బల్బులు ఆగిపోవడానికి కారణం ఒకటి కాదు. కారు బ్యాటరీ ఇంజను తిప్పడానికి చేసినది. ఒక్క క్షణం బలంగా శక్తినిచ్చి, వెంటనే మరల నిండాలి. దానిని ప్రతిరోజూ అడుగంటా వాడితే కొద్ది నెలలలోనే లోపలి పలకలు పాడైపోతాయి. ఇన్వర్టరు ఒక్క బల్బు వెలగకపోయినా తనకోసం కొంత కరెంటు తింటూనే ఉంటుంది. ప్యానెల్‌ను పనస చెట్టు పక్కన బిగించాము. ప్యానెల్‌లో ఒక మూల కొమ్మ నీడ పడినా మొత్తం శక్తి బాగా తగ్గిపోతుంది. పైగా ఊరిలో ఫోన్లన్నీ ఆ బ్యాటరీకే తగిలించేవారు. అది వారి తప్పు అనలేము. ఫోను ఛార్జింగుకు కొండ దిగి సంతకు వెళ్ళవలసినవారు మరేమి చేస్తారు?

మొదట చేత దీపాలు ఇద్దామా అని ఆలోచించాము. అవి చెడ్డవి కావు. రాజస్థాన్‌లోని తిలోనియాలో పగలు మేకలు కాచుకొనే పిల్లలకు రాత్రి బడులు నడిపి, సోలారు లాంతర్లతో చదివించారు. ఐఐటీ బొంబాయి వారు 'సోల్' అనే చదువు దీపాలను పల్లెటూళ్ళలోనే బిగింపజేసి, లక్షలాది విద్యార్థులకు చేర్చారు. ఇంటిలో చదువుకొనే పిల్లకు చేత దీపం మంచిదే. ఇక్కడ మాస్టారు చెప్పిన అవసరం వేరు. వానకాలంలో పగలు ఒక గంట గదిలో నల్లబల్ల కనబడాలి. సాయంత్రం తల్లిదండ్రులు పోడునుండి తిరిగివచ్చే వరకు రెండు గంటలు పిల్లలు బడిలోనే చదువుకోవాలి. అంటే గది అంతటా సమంగా పరచుకొనే వెలుగు, రోజుకు మూడు గంటలు.

ఇక లెక్క. చదువురాని అక్కలకు కూడా అర్థమయ్యేలా మా యౌవనస్థుడు సుద్దముక్కతో బల్లమీద వ్రాసి చూపాడు. మీరూ ఒక కాగితం తీసికోండి.

గది 20 అడుగుల పొడవు, 16 అడుగుల వెడల్పు. సుమారు 30 చదరపు మీటర్లు. వెలుగును ల్యూమెన్లలో కొలుస్తారు. బుడ్డిదీపం ఇచ్చేది పది ల్యూమెన్లకు అటూ ఇటూ. మంచి ఎల్‌ఇడి ట్యూబు ఒక వాటుకు సుమారు 100 ల్యూమెన్లు ఇస్తుంది. 20 వాట్ల ట్యూబులు నాలుగు పెడితే 8000 ల్యూమెన్లు. గోడలకు, పైకప్పుకు పోయినది పోగా సగానికి కొంచెం ఎక్కువ పుస్తకం మీదికి దిగుతుంది. దానిని 30 చదరపు మీటర్లకు పంచితే మీటరుకు 150 ల్యూమెన్లు. దీనినే 150 లక్స్ అంటారు. పట్నపు తరగతిగదికి 300 వరకు ఉండాలంటారు గాని, మాకున్న డబ్బులో కళ్ళు చికిలించకుండా చదువుకోవడానికి ఇది చాలు. గోడలకు తెల్ల సున్నం కొట్టిస్తే మరి కొంత వెలుగు కలిసివస్తుంది. ఆ సున్నం ఊరివారే వేశారు.

రెండు గదులకు ఎనిమిది ట్యూబులు, 160 వాట్లు. మూడు గంటలకు 480 వాట్-అవర్లు. బ్యాటరీలో, తీగలలో, వేడిలో పోయేది కలుపుకొంటే ప్యానెల్ రోజుకు 690 వరకు ఇవ్వాలి. మన ప్రాంతంలో ఏడాది సగటున నిండు ఎండ రోజుకు 5 గంటలకు సమానమని అంగడివారు లెక్క కడతారు. ఆ లెక్కన 150 వాట్ల ప్యానెల్ సరిపోతుంది.

అక్కడ ఆ విధవరాలు ఆపింది. "అది ఎండాకాలం కూడా కలిపిన లెక్క కదా బాబూ? ఎండాకాలంలో బడి ఉండదు. దీపం కావలసింది వానలో. వానరోజుకు లెక్క చెప్పు."

మా యౌవనస్థుడు సుద్దముక్క పట్టుకొని కాసేపు ఊరకున్నాడు. మేమందరమూ ఊరకున్నాము. ఏప్రిల్ నెలాఖరునుండి జూన్ వరకు ఎండ మండిపోతుంటే బడికి తాళం. పొగమంచు పట్టిన ఆషాఢ శ్రావణాలలో పగలు కూడా దీపం కావాలి, అప్పుడే ప్యానెల్‌కు ఎండ ఉండదు. దీపం అవసరం ఎక్కువైన రోజున దీపానికి మేత తక్కువ. బడి దీపాల లెక్క అంతా ఇక్కడే ఉంది. మబ్బుగా ఉన్న నెలలకు ఎండను రెండుంబావు గంటలుగా పెట్టి చూస్తే 300 వాట్లు తేలింది. కాబట్టి 150 వాట్లవి రెండు కొన్నాము. ఈ రోజులలో ప్యానెల్ చవక, బ్యాటరీ ప్రియం. మబ్బు రోజు భయానికి పెద్ద బ్యాటరీ కొనడంకన్న ఇంకొక ప్యానెల్ కొనడం తెలివి. బ్యాటరీ ఎంత పెద్దదైనా నింపేది ప్యానెలే గదా.

బ్యాటరీ విషయంలో రెండు దారులున్నాయి. ఎండ లేకున్నా రెండు రోజులు నడవాలంటే 960 వాట్-అవర్లు కావాలి. మామూలు సీసం ట్యూబులర్ బ్యాటరీని సగానికి మించి వాడకూడదు. అందుచేత 12 వోల్టుల 160 ఆంపియర్-అవర్లకు తగ్గనిది పట్టాలి. ధర కొంత తక్కువ. కాని దాని బరువు 50 కిలోలకు పైమాటే, డిస్టిల్డు వాటరు పోస్తూ ఉండాలి, వేసవి సెలవులలో పట్టించుకోకపోతే పాడవుతుంది, బాగా చూచుకొంటే మూడునుండి అయిదేళ్ళు వస్తుంది. లిథియం ఐరన్ ఫాస్ఫేట్ బ్యాటరీని నూటికి ఎనభై వంతులు వాడవచ్చు, 100 ఆంపియర్-అవర్లది చాలు. రెండువేల సార్లకు పైగా నింపి ఖాళీ చెయ్యవచ్చు. బడి పనిదినాల లెక్కన ఎనిమిదేళ్ళు. మాకు సుమారు ఇరవై వేలు అయింది. బరువు 13 కిలోలు. నాలుగు కిలోమీటర్ల కొండదారిలో ఒక మనిషి భుజాన పెట్టుకొని ఎక్కాడు. లెక్కలన్నిటికన్న ఆ దారే మాకు గట్టిగా తీర్పు చెప్పింది.

ఇన్వర్టరు మానివేశాము. బ్యాటరీనుండి నేరుగా వెలిగే 12 వోల్టుల ట్యూబులే తీసికొన్నాము. ఇక్కడ ఒక జాగ్రత్త ఉంది. తక్కువ వోల్టులలో సన్న తీగ దొంగవంటిది. 1.5 చదరపు మిల్లీమీటర్ల రాగి తీగతో 15 మీటర్ల దూరంలోని గదికి కరెంటు పంపితే 12లో 2 వోల్టులకు పైగా దారిలోనే పోతుంది. అందుకని 4 చదరపు మిల్లీమీటర్ల తీగ వేసి, బ్యాటరీని రెండు గదుల మధ్య పెట్టించాము. ఛార్జి కంట్రోలరు లిథియం బ్యాటరీకి తగినదో కాదో చూచి తీసికొన్నాము. ప్యానెళ్ళను చెట్టుకు దూరంగా, దక్షిణానికి ముఖం పెట్టి, 18 డిగ్రీల వాలున, కోతులు తీగ లాగకుండా గొట్టంలో తీగ దూర్చి బిగించాము.

వస్తువులకన్న ముఖ్యమైనది కాపలా. బ్యాటరీ పెట్టె తాళం మా దగ్గర లేదు, బడి కమిటీ తల్లులలో ఒకరి దగ్గర ఉంది. ఇంటికి నెలకు పది రూపాయలు. ఇరవై రెండు ఇండ్లకు ఏడాదికి 2640, ఎనిమిదేళ్ళకు 21 వేల పైచిలుకు. అంటే ఈ బ్యాటరీ అరిగేనాటికి కొత్తది కొనడానికి మా వంటివారి కోసం ఎదురుచూడనక్కరలేదు. ఫోన్లను ఎండ ఉన్న రోజున పగలు పన్నెండునుండి రెండు వరకే పెట్టాలి, ఫోనుకు అయిదు రూపాయలు అదే డబ్బాలోకి. ఈ నియమం మేము పెట్టలేదు, వారే పెట్టుకొన్నారు. గూడెంలో పదవ తరగతి అయిన ఒక అమ్మాయికి మా యౌవనస్థుడు మీటరు పట్టడం, ఫ్యూజు మార్చడం, ప్యానెల్ తుడవడం నేర్పాడు. ఆమె ఒక నోటు పుస్తకంలో రోజూ వోల్టులు వ్రాసిపెడుతుంది. పాత కారు బ్యాటరీని పారవెయ్యకుండా దించుకొని వచ్చి, కొన్న అంగడికే అప్పగించాము. సీసం నేలలో, నీటిలో కలిస్తే పిల్లలకే కీడు.

ఇది 2023 జూన్ సంగతి. ఈసారి ప్రారంభోత్సవం లేదు. బిగించిన సాయంత్రం మాస్టారు స్విచ్చి నొక్కి, ఎక్కాలు చెప్పించడం మొదలుపెట్టారు. మేము పలక గురించి అడిగాము, దానిని తీసివేయమని. ఆయన మొహమాటపడితే మేమే గునపం తీసికొని ఊడదీశాము. వానకు గుమ్మం ముందు బురద అవుతున్నదని ఊరివారు ఆ రాయిని బోర్లించి మెట్టుగా వేసికొన్నారు.

అన్నీ సవ్యంగా జరిగాయని వ్రాస్తే అది మరొక అబద్ధమవుతుంది. మొదటి శ్రావణంలోనే వరుసగా అయిదు రోజులు ముసురు పట్టి, నాలుగవ రోజున దీపాలు ఆగిపోయాయి. అయితే ఈసారి మాకు కబురు వచ్చింది. ఆ అమ్మాయే సిగ్నల్ ఉన్న గట్టు ఎక్కి ఫోను చేసింది: "అయ్యగారూ, లైట్లు ఆగిపోయాయి. బ్యాటరీ పాడవలేదు, ఖాళీ అయింది. ముసురు రోజున గదికి రెండే వేద్దామని మాస్టారు అన్నారు. మీకు చెప్పమన్నారు." రెండు రోజుల తరువాత ఎండ వచ్చింది, దీపాలు వచ్చాయి. పాడైనదని చెప్పడానికి ఒకప్పుడు మొహమాటపడినవారు, ఇప్పుడు ఆగిపోయిందని మామూలుగా ఫోను చేసి చెప్పారు. ఆ ఫోను మాకు ఎంత సంతోషం ఇచ్చిందో వ్రాయలేము.

ప్రియులారా, మీ సంఘములో గాని, మీ ఊరిలో గాని ఎవరైనా బడికి దీపాలివ్వాలని పూనుకొంటే, అంగడికి వెళ్ళకముందు ఈ ప్రశ్నలు వేసికోండి. ఏ నెలలో, ఏ గంటలో వెలుగు కావాలి? ఆ నెలలో ఎండ ఎంత? అక్కడికి బరువు ఎవరు మోస్తారు? తాళం ఎవరి దగ్గర ఉంటుంది? బ్యాటరీ అరిగిన రోజున డబ్బు ఎక్కడనుండి వస్తుంది? పాడైతే పాడైందని మీతో చెప్పగలిగేంత చనువు వారికి ఉన్నదా? చివరి ప్రశ్నకు జవాబు లేకపోతే, మిగిలిన లెక్కలు ఎంత బాగున్నా కొంతకాలం ఆగండి. ముందు వెళ్ళి వారి అరుగుమీద కూర్చోండి.

కిందటి వానకాలంలో ఆ విధవరాలిని వెంటబెట్టుకొని మరల వెళ్ళాము. మోకాళ్ళ నొప్పితో ఆగి ఆగి ఎక్కింది. పదకొండు గంటల వేళ, పొగమంచు. దూరంనుండి బడి కనబడలేదు గాని రెండు కిటికీల వెలుగు కనబడింది. ఆమె ఆ మెట్టుమీద కాళ్ళ బురద రుద్దుకొని లోపలికి వెళ్ళి, వెనుక వరుసలో పిల్లల మధ్య కూర్చొన్నది. పక్కనున్న పిల్లవాని పుస్తకం తీసికొని దగ్గరగా, దూరంగా పెట్టి చూచింది. ఆమెకు చదువు రాదు. "కనబడతన్నాయి అయ్యగారండీ, అక్షరాలు," అన్నది.

ఈసారి మేము చెప్పవలసిన అవసరం రాలేదు.